బాయిలో తంబాకు, నోట్లో ఉమ్మి



తిన్నది అరగడం గురించి మాట్లాడమంటే అందరూ పొట్ట దగ్గర మొదలుపెడతారు. బొగ్గుబాయి దిగేవాళ్ల ఊరు కాబట్టి నేను నోటి దగ్గర మొదలుపెడతాను.

ముందు ఈ బల్ల మీద చూడండి. రెండు గాజు గొట్టాల్లో పలుచని గంజి ఉంది, చల్లారినదే. మీరు వచ్చేముందు ఒకదాంట్లో నా ఉమ్మి కలిపాను, రెండోదాంట్లో మరిగించి చల్లార్చిన ఉమ్మి. ఇప్పుడు చెరో చుక్క టింక్చర్ అయొడిన్ వేస్తున్నాను. రెండోది సిరాలా నీలమైంది. మొదటిది కాలేదు, ఎందుకంటే నీలమవ్వడానికి దాంట్లో పిండి మిగల్లేదు. అమైలేజ్ అనే ఎంజైమ్ దాన్ని తుంచి మాల్టోజ్ చక్కెరగా మార్చేసింది. మరిగిస్తే ఆ ఎంజైమ్ పాడైపోతుంది. జొన్నరొట్టె కాసేపు నమిలితే తియ్యబడేది దీనివల్లే. (పిల్లలూ, ఇంట్లో చేస్తే పులుపు కోసం నిమ్మరసం పిండకండి. అందులోని సి విటమిన్ అయొడిన్ రంగును పోగొడుతుంది, మీరేమో ఉమ్మి మహిమ అనుకుంటారు.)

ఉమ్మికి పిండిని మార్చే గుణముందని 1831లో లాయిక్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త గుర్తించాడు. పిండి ఎక్కువ తినే జనసమూహాల్లో ఈ ఎంజైమ్ జన్యువు ప్రతులు సగటున ఎక్కువని 2007లో తేలింది.

ముద్ద మింగగానే ఈ పని ఆగిపోదు. పొట్టలోని ఆమ్లం ముద్ద నడిమికి చేరేదాకా సాగుతుంది. మిగిలిన పిండి సంగతి చిన్నపేగులో క్లోమరసం చూసుకుంటుంది. అందుకే ముద్దకు ముప్పై రెండు సార్లు నమలాలనే లెక్క మీద నాకు పెద్ద నమ్మకం లేదు. షిఫ్టు మధ్యలో గబగబా సద్ది తిన్నవాడికీ అన్నం అరుగుతుంది.

మరి ఉమ్మి లేకపోతే ఏం పోతుంది? పళ్లు పోతాయి. ఇరుక్కున్న మెతుకుల్ని కడిగేది, పళ్లను తినే ఆమ్లాన్ని చల్లార్చేది అదే. క్రిముల్ని చంపే లైసోజైమ్ కూడా దాంట్లో ఉంటుంది. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ దాని గురించి 1922లోనే రాశాడు.

రోజుకు దాదాపు లీటరు ఉమ్మి ఊరుతుంది. తంబాకు వేసేవాళ్లు దాంట్లో చాలా భాగం గోడకే కొడతారు. వాళ్లను తిట్టడం తేలిక. మీథేన్ భయంతో బాయిలో బీడీ, అగ్గిపెట్టె నిషేధం, ఆ నిషేధం న్యాయమే. నిప్పు అక్కర్లేని మత్తు తంబాకు ఒక్కటే మిగిలింది. అరచేతిలో సున్నం వేసి ఎందుకు నలుపుతారు? క్షారం తగిలితే నికోటిన్ బుగ్గ పొరలోంచి త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది. కిక్కు సున్నంలో ఉంది, పుండూ అక్కడే మొదలు.

అమైలేజ్ ఉమ్మేశామని దిగులొద్దు, క్లోమం ఉంది. దిగులు పడాల్సింది బుగ్గ లోపల తెల్లమచ్చ కనిపిస్తే. అది నొప్పి పెట్టదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. రేపు డ్యూటీ దిగాక అద్దం ముందు నిలబడి, టార్చి వేసి, తంబాకు పెట్టుకునే వైపు బుగ్గను వేలితో లాగి చూడండి. గోకితే పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాల్లో మానని పుండు, ఏది ఉన్నా ఆగకుండా పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి. నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా అంతే.