పూసల బల్ల ఎక్కడ వేయాలి?



గాజు పూసలంటే అందరికీ మోజే. తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలో పాపానాయుడుపేట ఉంది. గాజు పూసలకు పేరుపడ్డ ఊరు. అక్కడి పనివారు కొలిమిలో గాజు కరిగించేవారు. సన్నటి గొట్టంలా లాగి, ముక్కలు కోసి పూసలు చేసేవారు. ఉత్తరప్రదేశ్‌లోని పుర్దిల్‌నగర్‌లో మంట ముందు కూర్చుని ఒక్కొక్క పూసనూ చుడతారు. ఈ రెండో పని ఇంటి దగ్గర కూడా చేసుకోవచ్చు.

ఎలా చేస్తారు? స్టీలు చువ్వకు మట్టి పూత పూసి ఆరబెడతారు. గాజు కడ్డీని గ్యాసు మంటలో పెడితే తేనెలా మెత్తబడుతుంది. దాన్ని చువ్వకు చుడితే పూస. చల్లారాక చువ్వ లాగేస్తే బెజ్జం.

వినడానికి తేలికే. కానీ చాలా ఇళ్లలో ఉన్నది ఒకటే గది. వంట అక్కడే, పడక అక్కడే, పిల్లల చదువూ అక్కడే. పూసల బల్ల కూడా అక్కడే వేస్తే? నాలుగు డబ్బుల కోసం పిల్లల ఊపిరి పణం పెట్టినట్టే గదా!

అందుకే ముందు చోటు చూసుకోవాలి. వేరే గది గానీ, గాలి ఆడే వసారా గానీ మేలు. తాటాకు పాక పనికిరాదు. పైన బట్టల దండెం ఉండకూడదు. బల్ల మీద మందపాటి ఇనుప రేకు పరచాలి. ఆస్‌బెస్టాస్ రేకు ముక్క వద్దు. దాని దుమ్ము ఊపిరితిత్తులను పాడు చేస్తుంది.

మంట నుంచి విషవాయువులు వస్తాయి. వాటిలో కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. కాబట్టి గాలిని బయటికి తోసే ఫ్యాను ఒక పక్క, మంచి గాలి వచ్చే కిటికీ మరో పక్క ఉండాలి. తలనొప్పి, కళ్లు తిరగడం వస్తే మంట ఆర్పి బయటికి రావాలి.

సిలిండరు ఆరుబయట నిలువుగా ఉంచాలి. వంటగ్యాసు గాలికన్నా బరువు. కారితే నేలబారున పేరుకుంటుంది. అతుకుల దగ్గర సబ్బునీళ్లు రాసి చూడాలి. బుడగలొస్తే కారుతున్నట్టే. వాసన వస్తే స్విచ్చి ముట్టుకోవద్దు, అగ్గిపుల్ల గీయొద్దు. సిలిండరు కట్టేసి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయాలి. ఇంకోమాట. అమ్మకం పనికి ఇంటి సిలిండరు వాడకూడదు. వ్యాపార కనెక్షను తీసుకోవాలి.

మంటలో గాజు పచ్చగా మెరుస్తుంది. ఆ వెలుగు కళ్లకు శ్రమ. అందుకు డిడిమియం కళ్లజోడు కావాలి. చలువ కళ్లద్దాలు చాలవు. నైలాన్ చీర కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలు చీరే కట్టాలి. కొంగు దోపాలి, జుట్టు ముడవాలి.

వేడి పూసను గాలికి పెడితే పగులుతుంది. పెంకులు కంట్లో పడొచ్చు. సుమారు 500 డిగ్రీల వేడిలో కాసేపు ఉంచి, నెమ్మదిగా చల్లార్చాలి. దానికి చిన్న కరెంటు కొలిమి ఉంటే మంచిది. పూత మట్టి దుమ్మును చీపురుతో ఊడవద్దు. తడిగుడ్డతో తుడవాలి. బల్ల దగ్గర తినొద్దు.

వేడి గాజు, చల్లని గాజు చూపుకు ఒకటే. చెయ్యి కాలితే 20 నిమిషాలు చల్లటి నీటిధార కింద ఉంచాలి. సిరా, నెయ్యి, పేస్టు రాయొద్దు. పెద్ద గాయమైతే ఆసుపత్రికి పోవాలి.

పూస పగిలితే ఇంకోటి చుట్టుకోవచ్చు. కన్ను పోతే తేగలమా?

ఆలోచించండి: మీ ఇంట్లో గాలి ఎటు నుంచి వస్తుంది? ఎటు పోతుంది? పిల్లలు ఎక్కడ పడుకుంటారు? ఇవి తేల్చుకున్నాకే బల్ల వేయండి.