ముందుమాటలు: ఎవరు ఎవరికి కట్టుబడినట్టు?



రేపు జరగవలసిన పని గురించి ఈరోజే మాట్లాడుకోవడానికి మన భాషలో ఎన్నో మాటలున్నాయి. ‘అనుకున్నాం’, ‘మాట ఇచ్చాం’, ‘ఖరారు చేశాం’, ‘ఒప్పందం రాసుకున్నాం’ అంటూ ఉంటాం. పైకి అన్నీ ఒకటిగానే కనిపిస్తాయి. కాని అనుకున్నది జరగకపోతే ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి? ఈ ప్రశ్న వేసుకుంటే వీటి మధ్య తేడా తెలుస్తుంది. ఈనాటి పాఠంలో అలాంటి కొన్ని మాటలను పరిశీలిద్దాం.

మొదటిది ప్రణాళిక. పరీక్షల ముందు మీరు చదువు పట్టిక వేసుకుంటారు. అది మీకు మీరు చెప్పుకున్నది. తప్పితే నష్టం మీదే, నిలదీసేవారు వేరే లేరు. పరిస్థితి మారితే ప్రణాళికనూ మార్చుకోవచ్చు. దేశం విషయంలోనూ ఇలాగే జరిగింది. మన పంచవర్ష ప్రణాళికలు 1951లో మొదలయ్యాయి, పన్నెండవది 2017లో ముగిసింది. మధ్యలో యుద్ధాలు, కరవు వచ్చిపడటంతో 1966 నుంచి 1969 వరకు పంచవర్ష ప్రణాళికను పక్కనపెట్టి, ఏడాదికొక ప్రణాళికతో నడిపారు.

రెండవది ఒప్పందం. ఇందులో ఉన్నది ‘ఒప్పు’ అన్న మాట. ఒప్పు అంటే సరైనది అనీ, అంగీకరించడం అనీ రెండర్థాలు. తప్పొప్పులు అన్నప్పుడు మొదటి అర్థం, ఒప్పుకున్నాను అన్నప్పుడు రెండవది. ఇద్దరికీ సరి అనిపించినప్పుడే ఒప్పందం కుదురుతుంది. ఒడంబడిక కూడా ‘ఒడంబడు’, అంటే సమ్మతించు, అన్న క్రియ నుంచి వచ్చిందే. ప్రణాళిక ఒక్కరే వేసుకోవచ్చు. ఒప్పందానికి మాత్రం రెండో మనిషి కావాలి, అతని సమ్మతి కావాలి.

అయితే ఒప్పందాలన్నీ కోర్టుకు ఎక్కుతాయా? ఎక్కవు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం, చట్టం ద్వారా అమలు చేయించుకోగల ఒప్పందమే కాంట్రాక్టు. అందుకు స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి, చట్టబద్ధమైన ప్రతిఫలం, చట్టబద్ధమైన ఉద్దేశం, ఒప్పుకునేవారికి తగిన అర్హత ఉండాలి. అర్థం నిశ్చయంగా తేలని ఒప్పందం చెల్లదని కూడా ఆ చట్టం చెబుతోంది. ఆదివారం సినిమాకు వస్తానన్న స్నేహితుడు రాకపోతే మీరు అలగవచ్చు, దావా వేయలేరు. పద్దెనిమిదేళ్లు నిండని వ్యక్తి చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లో మొహరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది.

చట్టం కన్నా పరువును నమ్ముకున్న ఒప్పందాలూ ఉన్నాయి. 1956 ఫిబ్రవరిలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు ఢిల్లీలో కుదుర్చుకున్నదానికి ‘పెద్దమనుషుల ఒప్పందం’ అనే పేరు స్థిరపడింది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలన్నది అందులో ఒక అంశం. అదే ఏడాది నవంబరులో ఏర్పడిన మొదటి మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రి లేరు. ఒప్పందం అమలు కాలేదన్న అసంతృప్తి 1969 తెలంగాణ ఉద్యమానికి ఒక ముఖ్య కారణమైంది. కోర్టులో నిలవనంత మాత్రాన మాట తేలికైపోదని ఈ చరిత్ర చెబుతుంది.

ఇప్పుడు మన పల్లెల్లో రోజూ వినిపించే మాట ఒకటి చూద్దాం: కౌలు. అరబ్బీలో ‘ఖౌల్’ అంటే మాట, పలుకు. భూమి సాగు చేసుకోవడానికి ఇచ్చిన మాట క్రమంగా ఆ సాగుకే పేరైంది. నేటికీ ఎన్నో కౌళ్లు నోటిమాట మీదే నడుస్తున్నాయి. ఇంత ధాన్యం, లేదా ఇంత సొమ్ము అని ఇద్దరూ అనుకుంటారు. ఇద్దరికీ నమ్మకం ఉంటుంది. కాని బ్యాంకుకు ఆ నమ్మకం కనిపించదు. పంట రుణం అడిగినా, నష్టపరిహారం అడిగినా కాగితం చూపమంటారు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చేందుకు ఒక చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన చట్టం యజమానితో పదకొండు నెలల రాతపూర్వక ఒప్పందాన్ని ఆధారంగా తీసుకుంది. సంతకం పెడితే భూమిపై తమ హక్కు పోతుందేమోనని జంకే యజమానులు ఉన్నారు. దానితో చెమటోడ్చినవాడి చేతిలో మాట మాత్రమే మిగులుతోంది.

నోటిమాటతో కుదిరిన ఒప్పందం చాలా సందర్భాల్లో చట్టప్రకారం చెల్లుతుంది. చిక్కల్లా రుజువు దగ్గరే. అందుకే మన పెద్దలు బేరం కుదరగానే బయానా ఇచ్చి, సాక్షులను పెట్టుకునేవారు. మాటను నమ్మక కాదు. మరచిపోవడం మనుషులకు సహజమని వారికి తెలుసు.

విద్యార్థులారా, రేపు మీరు అద్దె గది తీసుకుంటారు, ఉద్యోగంలో చేరతారు, సెల్‌ఫోనులో ‘అంగీకరిస్తున్నాను’ అన్న గడిని నొక్కుతారు. ప్రతిచోటా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ప్రణాళికా, మాటా, ఒప్పందమా? ఎవరు ఎవరికి కట్టుబడుతున్నారు? తేడా వస్తే చూపడానికి ఏముంది? మీ ఇంట్లోనో, ఊళ్లోనో కౌలుకు సాగు చేసేవారుంటే ఈ మూడో ప్రశ్న వారినీ అడగండి. వారి దగ్గర కాగితం లేకపోతే, వచ్చే పంటకాలానికి ముందే రాసుకోమని చెప్పండి.

సెలవు.