కాగితం మీద లేని ధర ధర కాదు

(స్వయం ఉపాధి పొందుతున్న యువకులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు, ఉపకార వేతనాల గురించి మాట్లాడవలసిన వేదిక మీద పాత కారు కొనుగోలు గురించి ప్రసంగమేమిటని కొందరు మిత్రులు మమ్మల్ని అడిగారు. అడగదగిన ప్రశ్నే. 2006లో సమర్పించబడిన సచార్ కమిటీ నివేదిక రెండు సంగతులు స్పష్టం చేసింది. ముస్లిం శ్రామికులలో స్వయం ఉపాధి మీద ఆధారపడినవారి నిష్పత్తి ఎక్కువ. బ్యాంకు రుణాలలో మాత్రం వారికి దక్కుతున్న వాటా జనాభాకు తగినట్లుగా లేదు. కొన్ని బ్యాంకులు ముస్లింలు అధికంగా నివసించే ప్రాంతాలను ‘నెగెటివ్ జోన్లు’గా పరిగణించిన విషయాన్ని కూడా ఆ నివేదిక ప్రస్తావించింది. ఉద్యోగం దొరకని యువకుడు స్టీరింగు పట్టుకుంటున్నాడు. బ్యాంకు కాదన్నప్పుడు తల్లి మెడలోని బంగారం అమ్మి, మిగిలినదానికి ప్రైవేటు ఫైనాన్సు తీసుకుని పాత కారు కొంటున్నాడు. ఆ ఇంటికి ఆ కారే పొలం, ఆ కారే దుకాణం. కనుక ఆ కొనుగోలులో జరిగే మోసం కూడా మన హక్కులకు సంబంధించిన విషయమే.

మాలో పలువురం ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాలుగా పనిచేసి పదవీ విరమణ చేసినవారం. యంత్రాల గురించి మాకు తెలిసినది స్వల్పం, కాగితాల గురించి తెలిసినది కొంత ఎక్కువ. కనుక ముఖ్యంగా కాగితాల గురించే మాట్లాడతాము.

పాత కార్ల షోరూంలో అడుగుపెట్టగానే వినిపించే మొదటి ప్రశ్న ‘మీరు నెలకు ఎంత కట్టగలరు?’ అన్నది. దానికి సమాధానం చెప్పకండి. పదివేలు అని మీరు అన్న మరుక్షణం నుండి కారు ధర గురించిన మాట ఆగిపోతుంది. మిగిలినదంతా ఆ పదివేలను ఎన్ని నెలలు సాగదీయాలన్న లెక్కే. ముందుగా కారు ధర తేలాలి. ఆ తరువాత ఇతర ఖర్చులు, చివరిగా ఫైనాన్సు. ఈ మూడింటినీ విడివిడిగా రాసి, మొత్తం వేసి, షోరూం ముద్రతో ఇమ్మని అడగండి. ఇవ్వకపోతే బయానా కట్టకండి.

మొదట కారు ధర. అమ్మేవారు సాధారణంగా కారు కొత్తగా కొన్ననాటి ధరను చూపి అందులో నుండి తగ్గిస్తూ వస్తారు. కాని పోల్చవలసినది నాటి ధరతో కాదు, అదే కారు నేడు కొత్తగా ఎంతకు వస్తుందన్నదానితో. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్ల మీద జి.ఎస్.టి. 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది. దానిపై ఉండిన సెస్సు కూడా తొలగింది. వేగనార్, డిజైర్ వంటి పెట్రోలు కార్లు ఈ కోవలోనివే. కొత్త కారు ధర దిగినప్పుడు పాత కారు ధర కూడా దిగాలి. ఈ మాట మనం అడిగితేనే అవతలివారికి గుర్తుకు వస్తుంది.

మరొక ఆధారం బీమా పత్రంలోనే ఉంటుంది. అందులో ‘ఐ.డి.వి.’ అని కారు విలువ రాసి ఉంటుంది. రెండు నుండి మూడు సంవత్సరాల వయస్సు గల వాహనానికి 30 శాతం, మూడు నుండి నాలుగు సంవత్సరాలకు 40 శాతం, నాలుగు నుండి అయిదు సంవత్సరాలకు 50 శాతం తరుగుదల తీసివేయడం బీమా రంగంలో అనుసరించే పట్టిక. మార్కెట్టు ధర సరిగ్గా దీని ప్రకారమే ఉండదు. అయినా బేరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివారికి ఇది చేతికర్ర వంటిది.

ఇక పన్ను. ఇక్కడ జరుగుతున్న మోసాన్ని శ్రద్ధగా గమనించవలసిందిగా కోరుతున్నాము. 2025 జనవరి నుండి వ్యాపారులు అమ్మే పాత కార్లన్నింటి మీద జి.ఎస్.టి. 18 శాతం అయింది. అయితే ఆ 18 శాతం కారు మొత్తం ధర మీద కాదు, వ్యాపారి కొన్న ధరకు, అమ్మిన ధరకు మధ్య ఉన్న తేడా మీద మాత్రమే. ఉదాహరణకు వ్యాపారి ఒక కారును 4 లక్షలకు కొని 4 లక్షల 50 వేలకు అమ్మాడనుకుందాం. తేడా 50 వేలు. దాని మీద పన్ను 9 వేలు. మొత్తం ధర మీద 18 శాతం వేస్తే 81 వేలు అవుతుంది. ‘జి.ఎస్.టి. అదనం సార్’ అన్న ఒక్క మాట వెనుక 72 వేల రూపాయల తేడా దాగి ఉండవచ్చు. పన్ను వసూలు చేస్తే జి.ఎస్.టి. నంబరు గల బిల్లు ఇవ్వవలసిందే. ఒక సామాన్య వ్యక్తి తన సొంత కారును మరొక వ్యక్తికి అమ్ముకుంటే అసలు జి.ఎస్.టి.యే లేదు.

తరువాత ఇతర ఖర్చులు. ఆర్.సి. మార్పిడి, ఫైలు చార్జీ, పాలిషింగు, సీటు కవర్లు, వారంటీ ప్యాకేజీ అంటూ ఒక్కొక్కటీ చిన్నదిగానే కనిపిస్తుంది. వారంటీ, సీటు కవర్ల వంటివి మీరు కోరితే తీసుకునేవే గాని తప్పనిసరివి కావు. ఆర్.సి. మార్పిడికి ప్రభుత్వానికి చెల్లించిన రుసుము ఎంతో రశీదులో ఉంటుంది. ఆ రశీదు ప్రతి అడగండి. దానికి మించి తీసుకున్నది వారి సేవకు ప్రతిఫలం మాత్రమే, కనుక దాని మీద బేరమాడవచ్చు.

మూడవది ఫైనాన్సు. ‘పది శాతమే వడ్డీ’ అని చెబుతారు. అది ‘ఫ్లాట్’ లెక్క అయితే అసలు సంగతి వేరు. 3 లక్షలు, 3 సంవత్సరాలు, 10 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 90 వేలు. నెలకు 10,833 రూపాయల చొప్పున 36 కిస్తీలు. నెలనెలా అసలు తగ్గుతూ పోతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు 3 లక్షల మీదనే లెక్కించబడుతోంది. తగ్గుతున్న బాకీ మీద లెక్క వేస్తే అది దాదాపు 18 శాతం అవుతుంది. దీనిని ఎదుర్కొనేందుకు మన చేతిలో ఒక సాధనం ఉంది. రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం 2024 అక్టోబరు 1 నుండి బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు ఇటువంటి రుణాలకు ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అనే పత్రాన్ని ముందుగానే ఇవ్వాలి. అన్ని రుసుములూ కలిపి వార్షిక రేటు ఎంత పడుతుందో అందులో ఉండాలి. అది రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అందులో చూపని రుసుమును మన స్పష్టమైన సమ్మతి లేకుండా తరువాత వసూలు చేయరాదు. తెలుగులోనో ఉర్దూలోనో ఆ పత్రం అడగడానికి సంకోచించవద్దు.

వడ్డీకి దూరంగా ఉండదలచిన కుటుంబాలు మనలో అనేకం. డబ్బంతా ఒక్కసారే కడితే ధర తగ్గుతుందని వారు ఆశిస్తారు. అన్నిచోట్లా అలా జరగదు. ఫైనాన్సు ఇప్పించినందుకు షోరూంకు కమీషను వస్తుంది గనుక కొన్నిచోట్ల రొక్కం కట్టేవారికే ధర ఎక్కువ చెబుతారు. అందుకే కారు ధర రాతపూర్వకంగా తేలేవరకు ఎలా చెల్లిస్తారన్నది బయటపెట్టకండి. చెల్లించేటప్పుడు బ్యాంకు ద్వారానే చెల్లించండి. ఒక లావాదేవీలో 2 లక్షలు లేదా అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. చట్టం మాట అటుంచినా, చేతికిచ్చిన నోట్లకు సాక్ష్యం ఉండదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది యాజమాన్య మార్పిడి. తేదీ వేయని ఫారం 29, ఫారం 30 మీద పాత యజమాని సంతకాలు తీసుకుని, ‘మీకు వీలైనప్పుడు మార్చుకోండి’ అని తాళంచెవులు ఇచ్చే అలవాటు మన పట్టణాలలో ఉంది. రుసుము మిగిలిందని కొన్నవారు సంతోషిస్తారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం అదే రాష్ట్రంలోనైతే అమ్మినవారు 14 రోజులలోపు, కొన్నవారు 30 రోజులలోపు రవాణా శాఖకు తెలియజేయాలి. ఫైనాన్సు ఉన్న కారైతే బాకీ తీరిందని ఫైనాన్సు సంస్థ ఇచ్చే పత్రం, ఫారం 35 లేకుండా మార్పిడి పూర్తి కాదు. బీమా కూడా 14 రోజులలోపు మీ పేరు మీదికి మార్చమని దరఖాస్తు చేయాలి. లేనట్లయితే రేపు మీ కారుకు నష్టం జరిగినప్పుడు పరిహారం నిరాకరించబడే ప్రమాదం ఉంది.

అమ్మేవారు కూడా ఈ మాట వినాలి. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్‌ల కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒక కారు వరుసగా పలువురి చేతులు మారింది, రిజిస్ట్రేషను మాత్రం మొదటి వ్యక్తి పేరుననే ఉండిపోయింది. తరువాత జరిగిన ప్రమాదంలో పరిహారం బాధ్యత ఆ రికార్డులో ఉన్న వ్యక్తిదేనని కోర్టు నిర్ణయించింది. మీరు అమ్మిన కారు ఏదైనా నేరంలో కనిపించినా పోలీసులు ముందుగా వచ్చేది మీ గడపకే. మన బస్తీలలో ఒక ఇంటి ముందు పోలీసు వాహనం ఆగితే ఆ ఇంటి పిల్లల పేరు మీద ఎన్నాళ్లు మచ్చ నిలుస్తుందో ఇక్కడ ఎవరికీ వివరించనక్కరలేదు. సక్రమమైన కాగితం ఉంటే ఆ సందేహం గడప దగ్గరే తీరిపోతుంది.

షోరూంలకు సంబంధించి 2023 ఏప్రిల్ 1 నుండి కొత్త నిబంధనలు వచ్చాయి. పాత వాహనాల వ్యాపారి రవాణా శాఖ నుండి అధికార పత్రం పొందాలి. యజమాని తన కారును వ్యాపారికి అప్పగించినప్పుడు ఫారం 29సి ద్వారా ఆ సంగతి రవాణా శాఖకు తెలియజేయాలి. అప్పటి నుండి ఆ వ్యాపారినే యజమానిగా పరిగణిస్తారు. ‘మీ అధికార పత్రం చూపించండి’ అని మర్యాదగా అడగండి. చూపించినవారి దగ్గర కొనండి.

ఇతర రాష్ట్రాల కార్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఢిల్లీ ప్రాంతంలో 10 సంవత్సరాలు దాటిన డీజిలు కార్లపై, 15 సంవత్సరాలు దాటిన పెట్రోలు కార్లపై ఏళ్ల తరబడి ఆంక్షలు కొనసాగినందువలన అక్కడి కార్లు చవకగా దక్షిణాదికి చేరుతూ వచ్చాయి. అటువంటి కారుకు అక్కడి ఎన్.ఓ.సి. ఉండాలి, ఇక్కడ జీవితకాల పన్ను కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. ఇవన్నీ కలిపితే చవక కారు చవక కాకపోవచ్చు. ట్యాక్సీగా నడపదలచినవారు తెల్ల నంబరు ప్లేటు కారు కొని అలాగే కిరాయికి తిప్పడం మరీ ప్రమాదకరం. పర్మిటు లేని కిరాయి ప్రయాణంలో ప్రమాదం జరిగితే బీమా సంస్థ చేతులెత్తేయవచ్చు.

ఒకవేళ మోసపోతే ఏం చేయాలి? వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషనును ఆశ్రయించవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. రెండు సంవత్సరాలలోపు ఫిర్యాదు చేయాలి. ‘నువ్వు ట్యాక్సీ నడుపుతావు, అది వ్యాపారం, నీకు ఈ చట్టం వర్తించదు’ అని భయపెడితే నమ్మకండి. కేవలం స్వయం ఉపాధి ద్వారా జీవనోపాధి కొరకు కొన్నవానిని చట్టం వినియోగదారునిగానే గుర్తిస్తుంది. సలహా కొరకు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915, ఫైనాన్సు సంస్థల మీద ఫిర్యాదుల విషయంలో రిజర్వు బ్యాంకు సహాయ నంబరు 14448. అయితే ఈ తలుపులన్నీ తెరుచుకోవాలంటే చేతిలో కాగితం ఉండాలి. నోటి మాట మీద ఏ కమిషనూ తీర్పు ఇవ్వజాలదు.

చివరిగా మా సంఘం తరఫున ఒక ప్రతిపాదన. ఇంజను శబ్దం విని జబ్బు చెప్పగల మెకానిక్కులు, రంగు మీద చేయి వేసి డొక్కు తీసిన చోటు పట్టుకోగల డెంటింగు పనివారు మన బస్తీలలో ఎందరో ఉన్నారు. సీట్ల కింద బురద జాడను బట్టి 2020లో హైదరాబాదులో, 2024లో విజయవాడలో వచ్చినటువంటి వరదలలో మునిగిన కారు ఏదో వారు చెప్పగలరు. టైరు మీది నాలుగు అంకెలలో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. ఇరవై వేల కిలోమీటర్లే తిరిగిందన్న కారుకు టైర్లు అప్పటికే మారి ఉంటే ఎందుకు మారాయో వారు అడుగుతారు. వారికి తగిన రుసుము ఇచ్చి వెంట తీసుకుని వెళ్లండి. పనిని అభిమానం పేరిట ఉచితంగా చేయించుకోవద్దు. కాగితాలు చూడటానికి మా సంఘంలోని విశ్రాంత ఉద్యోగులం ప్రతి ఆదివారం ఉదయం అందుబాటులో ఉంటాము. బయానా కట్టిన తరువాత కాదు, కట్టకముందు రండి. ఆర్.సి. ప్రతి, బీమా పత్రం, షోరూంవారు రాసి ఇచ్చిన ధరల చీటీ, ఈ మూడూ తీసుకుని రండి. చీటీ ఇవ్వలేదని చెబితే మా సలహా ఒక్కటే ఉంటుంది: ఆ కారు కొనకండి.

సెలవు. ఖుదా హాఫిజ్.