ఓడ దిగినా వదలని దుమ్ము

ఈ వారం మనం రాతినార గురించి, అంటే ఆస్బెస్టాస్ గురించి మాట్లాడుకుందాం. మన ఊళ్ళలో ఇళ్ళ మీద సిమెంటు రేకులు చూశారు కదా, వాటిలో కలిపేది ఇదే. అయితే ఇవాళ చెప్పబోయేది ఇక్కడి యుద్ధనౌకల్లో పనిచేసినవాళ్ళ సంగతి.

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా వేలకొద్దీ ఓడలు కట్టింది. సముద్రం మధ్యలో ఓడకి నిప్పంటుకుంటే పారిపోయే చోటు లేదు. రాతినార కాలదు, వేడిని ఆపుతుంది, పైగా చవక. అందుకని బాయిలర్లకీ, ఆవిరి గొట్టాలకీ దాన్నే దట్టంగా చుట్టారు. రిపేరు వచ్చినప్పుడల్లా పాత చుట్టు పీకాలి, కొత్తది కోసి వెయ్యాలి. గాలి సరిగా ఆడని ఇంజను రూములో ఆ దుమ్ము పీలుస్తూనే పనిచేశారు కుర్రాళ్ళు.

మరి డాక్టర్లు చూడలేదా అంటారేమో. చూశారు. ఓడలు కట్టే యార్డుల్లో గొట్టాలకి ఈ చుట్టు వేసే వెయ్యిమందికి పైగా పనివాళ్ళని పరీక్షించి 1946లో ఫలితాలు అచ్చువేశారు. ముగ్గురికే ఊపిరితిత్తుల జబ్బు కనపడింది. ఈ పని వల్ల పెద్ద ప్రమాదం లేదని తేల్చేశారు. కాని వాళ్ళలో నూటికి 95 మంది ఆ పనిలో చేరి పదేళ్ళయినా కాలేదు! ఊపిరితిత్తుల పొరకు వచ్చే మీసోథీలియోమా అనే కేన్సరు బయటపడడానికి సాధారణంగా 20 నుంచి 50 ఏళ్ళు పడుతుంది. తాటిగింజ పాతి మర్నాడే కాయలు లేవన్నట్టుంది ఆ తీర్పు.

1964లో న్యూయార్కు డాక్టరు ఇర్వింగ్ సెలికాఫ్, ఇన్సులేషన్ పనివాళ్ళలో ఈ కేన్సర్లు ఎంత ఎక్కువో లెక్కలతో చూపించారు. ఈలోగా ఆ ఓడల్లో చాలా వాటిమీద కొరియా, వియత్నాం యుద్ధాల నావికులు కూడా పనిచేశారు. వాళ్ళ బట్టలు ఉతికిన ఇల్లాళ్ళకీ ఆ దుమ్ము అంటింది.

సైన్యంలో పనిచేస్తూ పొందిన హానికి ప్రభుత్వం మీద దావా వెయ్యడానికి వీల్లేదని 1950లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే వెటరన్స్ శాఖ నుంచి వైద్యం, నెలనెలా భృతి అడగవచ్చు. ఓడలకి యంత్రాలు అమ్మిన కంపెనీలకి కొన్ని సందర్భాల్లో ముందుగా హెచ్చరించే బాధ్యత ఉందని 2019లో అదే కోర్టు తీర్పిచ్చింది. దేనికైనా ఏ ఓడలో, ఏ సంవత్సరాల్లో, ఏ పని చేశారో కాగితం మీద ఉండాలి.

ఇదంతా మనకెందుకు అనుకోకండి. మన శ్రోతల్లో డాక్టర్లున్నారు, నర్సులున్నారు. పక్కింట్లో ఆయాసపడుతూ మెట్లెక్కే పెద్దాయన నేవీలో పనిచేసి ఉండవచ్చు. షిప్‌యార్డులోనో, రేకుల కంపెనీలోనో రిటైరై పిల్లల దగ్గరికి వచ్చిన మన నాన్నగార్లూ ఉన్నారు. "చిన్నప్పుడు ఏ పని చేశారండీ?" అని ఒక్కసారి అడగండి. వచ్చిన జవాబు డాక్టరుతో చెప్పండి. యాభై ఏళ్ళ కిందటి దుమ్ము సంగతి డాక్టరుకి మనం చెబితేనే తెలుస్తుంది.

ఇంకో మాట. ఆ దుమ్ముకి సిగరెట్టు తోడైతే ఊపిరితిత్తుల కేన్సరు ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. కాల్చేవాళ్ళుంటే ఇవాళే మాన్పించండి.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. సెలవు.