కొత్త నీరు దిగకముందే నూతి గట్టు చూద్దాం

మైకు సరిగ్గా లేదు, గట్టిగానే మాట్లాడతాను.

మన మన్యంలో తొలకరి పడగానే నుయ్యి ఎర్రబడుతుంది. కొత్త నీరు వచ్చింది అంటాం. అది ఊట నీరు కాదు. ఊట నీరు మట్టిలోంచి, రాళ్ల సందుల్లోంచి మెల్లగా వడకట్టుకుని వస్తుంది. ఈ ఎర్రనీరు పశువుల పాకల మీదుగా, పెంటకుప్పల మీదుగా, మనం బయటికెళ్లే జాగాల మీదుగా పారి, పగిలిన చప్టా సందులోంచి నేరుగా నూతిలో దిగింది. ఆ వెనకే విరేచనాలు, టైఫాయిడ్, పచ్చకామెర్లు. పోయిన వానాకాలం మా గూడెంలో ఒక పెద్దమ్మను డోలీలో మోసుకెళ్లాం. నేనూ భుజం పట్టాను. దారంతా ఆవిడ అడిగింది నీళ్లే. మేం ఇచ్చిందీ ఆ నూతి నీళ్లే.

ఆస్పత్రిలో "మీరు కాచి తాగరు కదా" అన్నారు. కాచి తాగాలి, నిజమే, నేనూ అదే చెబుతాను. కానీ నూతికి గట్టు కట్టాల్సినవాళ్లను ఎవరూ ఏమీ అడగరు.

మంచి నుయ్యికి లోపలి గోడ కనీసం 6 మీటర్ల లోతు దాకా పైనీరు చొరకుండా ఉండాలి. చుట్టూ మీటరు వెడల్పు సిమెంటు చప్టా, బయటికి వాలుగా. 70 సెంటీమీటర్ల ఎత్తు గట్టు, వాడిన నీరు దూరంగా పోయే కాలువ. మరుగుదొడ్డి గుంత, పెంటకుప్ప 15 మీటర్ల లోపు ఉండకూడదు. మనవి ఎన్ని ఇలా ఉన్నాయో మీకే తెలుసు. బోరు వేస్తే చాలంటారు కొందరు. బోరు చప్టా పగిలినా పైనీరు గొట్టం పక్కనుంచి దిగుతుంది.

ఇక బ్లీచింగు. జబ్బులొచ్చాక ఒకరోజు వచ్చి గుప్పెడు చల్లి, ఫొటో తీసుకుని పోతారు. దానికో లెక్కుంది. వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాములు. 2 మీటర్ల వెడల్పు నూతిలో 3 మీటర్ల నీరుంటే దాదాపు 9,400 లీటర్లు, అంటే 24 గ్రాములు. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే నూతిలో కలపాలి. గంట ఆగి తోడుకోవాలి. నీరు బురదగా ఉంటే ఆ బురదే మందును తినేస్తుంది, ఈ లెక్క చాలదు. మూత తీసి నెలల తరబడి వదిలేసిన పొడిలో బలమూ ఉండదు.

2019లో వచ్చిన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పాలి. మన ఊళ్లో ఆ ఐదుగురు ఎవరు, చేతులెత్తండి. (ఎవరూ ఎత్తలేదు.) సరే, ఇది రాసుకోండి.

1996 పెసా చట్టం ప్రకారం పని మొదలవకముందే గ్రామసభ ఆమోదించాలి. డబ్బు ఖర్చయిందని పత్రం ఇవ్వాల్సిందీ గ్రామసభే. ఒక్క వానకు పగిలిన చప్టాకి మనం సంతకాలు పెట్టేశాం, అందులో నేనూ ఉన్నాను. ఈసారి నుయ్యి నుయ్యికీ కొలతలు రాసి, తీర్మానానికి జతచేసి ఇద్దాం. మరమ్మతు చూశాకే సంతకం.

రేపు పొద్దున్న ఏడింటికి పై వీధి నూతి దగ్గర మొదలుపెడదాం. టేపు, తాడు నేను తెస్తాను. రాయడానికి బడిపిల్లలు ఇద్దరు కావాలి.