ఓటర్ల జాబితాలో మీ కోడలి పేరుందా?
(నంద్యాలలో జరిగిన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



బడిలో ఎన్నికల పాఠం చెప్పేటప్పుడు పిల్లలు "సార్, ఈసారి ఎవరు గెలుస్తారు?" అని అడుగుతారు. "ముందు మీ అమ్మ పేరు ఓటర్ల జాబితాలో ఉందా?" అని నేనడుగుతాను. చాలామందికి తెలియదు.

ఈ ప్రశ్న నాకు పుస్తకం నేర్పలేదు. మా చెల్లెలిని ఆళ్లగడ్డకు ఇచ్చినాము. పెళ్లయినాక నంద్యాల జాబితాలో పేరు తీసేసినారు. అక్కడ చేర్పించాలని మాకెవరికీ తోచలేదు. 2014 మే 7న ఓటు వేయబోతే పేరు లేదన్నారు. ఆ ఎన్నిక ఎట్లాంటిదో మీకు తెలుసు. శోభా నాగిరెడ్డిగారు ఏప్రిల్ 24న ప్రమాదంలో కన్నుమూసినా, ఆళ్లగడ్డ ప్రజలు ఆమెనే గెలిపించినారు. అంతటి ఎన్నికలో మా చెల్లెలు వేలికి సిరా లేకుండా తిరిగొచ్చింది. "భయ్యా, ఊరి పిల్లలకందరికీ చెబుతావు, నాకెందుకు చెప్పలేదు?" అన్నది. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. దేశంలో 1951-52 మొదటి సార్వత్రిక ఎన్నికలప్పుడు ఎందరో స్త్రీలు సొంత పేరు చెప్పక, ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని రాయించినారు. అట్లా సుమారు 28 లక్షల మంది జాబితాకు ఎక్కకుండా పోయినారు.

అమెరికా సంగతి చూడండి. జాతి, రంగు కారణంగా ఓటు కాదనరాదని అక్కడి రాజ్యాంగం 1870లోనే చెప్పింది. అయితే ఓటరుగా పేరు నమోదు కావాలి గదా! దక్షిణ రాష్ట్రాలలో చదువు పరీక్షలు, ఓటు పన్నులు పెట్టి నల్లవారిని ఆ నమోదు దగ్గరే ఆపినారు. పోరాటాలు చేయగా 1965లో గట్టి చట్టం వచ్చింది. హక్కు రాజ్యాంగంలో ఉంటే చాలదు, పేరు జాబితాలో ఉండాలి. ఇదే మనం నేర్వవలసిన సబక్.

మనకు అంత కష్టం లేదు. 18 ఏళ్లు నిండిన కొత్త ఓటరుకు ఫారం 6, ఇల్లు మారినా, పేరులో తప్పున్నా ఫారం 8. ఒక కాగితంలో 'బీ', మరొక కాగితంలో 'బేగం' అని ఉంటే ఇప్పుడే దిద్దించుకోండి. పోలింగ్ రోజు లబలబలాడితే లాభం లేదు.

ఓటు అమానత్ అని మన పెద్దలంటారు. ఎవరికి వేయాలో నేను చెప్పను, అది మీ ఇష్టం. కానీ ఇంటికి కొత్తగా వచ్చిన కోడలి పేరు, అత్తింటికి పోయిన కూతురి పేరు జాబితాలో వెతకండి. మా చెల్లెలి పేరు ఇప్పుడు ఆళ్లగడ్డ జాబితాలో ఉంది. ఆలస్యంగానైనా ఆ పని నేనే దగ్గరుండి చేయించినాను.

ఖుదా హాఫిజ్.