పోర్టుబ్లేయరు రేవు – అండమాను ఆదిమజనులు



విశాఖపట్టణమున ఓడ యెక్కినవారు రెండు మూడు దినములకు అండమాను తీరము చేరుదురు. 2024 లో శ్రీవిజయపురమని పేరు మాఱిన పోర్టుబ్లేయరు మిట్టపల్లముల వీథులతో, కొబ్బరితోటలతో కన్నులకు విందుసేయును. అబర్డీను బజారులో తెలుగుమాట చెవిని బడుట వింతగాదు. శ్రీకాకుళము, విశాఖ ప్రాంతములనుండి వచ్చి స్థిరపడినవారు అచట పెక్కుమంది.

యాత్రికులందఱును మొదట సెల్యులర్ జైలునకే పోవుదురు. 1906 లో పూర్తియైన ఆ చెఱసాల కథ మనకందఱకును తెలిసినదే. అంతకు ముందటి కథ యొకటి కలదు. 1858 లో ఆంగ్లేయులు ఈ రేవున ఖైదీల వలస నెలకొల్పి అడవులు నఱికింపసాగిరి. 1859 మేనెలలో గ్రేట్ అండమానీయులు విల్లంబులతో దానిపై దాడి వెడలిరి. పాఱిపోయి వారిలో ఒకడై, వారి పిల్లనే పెండ్లాడిన దూధ్‌నాథ్ తివారీ యను ఖైదీ ముందుగా వచ్చి ఆ రహస్యము తెల్పెను. తుపాకులయెదుట విండ్లు నిలువలేదు. తివారీకి క్షమాభిక్ష లభించెను.

అయినను ఆ జాతిని కృశింపజేసినది తుపాకికంటె ఆదరణయే. ‘అండమాన్ హోము’ లను పేర ఆశ్రయములు కల్పించి అన్నము, పొగాకు ఇచ్చిరి. వానివెంట సవాయి రోగము, 1877 లో తట్టు వచ్చినవి. వలసకు పూర్వము ఇంచుమించు ఐదువేలని అంచనా వేయబడిన జనము 1961 జనాభా లెక్కలలో 19 మంది! 2010 లో బోవా సీనియర్ అను వృద్ధురాలు మరణించుటతో బో భాష అంతరించినది. మాటాడుటకు తోడులేక ఆమె పక్షులతో ముచ్చటించుట భాషాశాస్త్రజ్ఞురాలు అన్వితా అబ్బి చూచినారు.

పట్టణములోని మానవశాస్త్ర ప్రదర్శనశాలలో ఈ జనుల విండ్లు, బుట్టలు, పడవలు తీరికగా చూడదగినవి. కొందఱికి అది చాలదు. జారవాలను కన్నులార చూడవలెనని అండమాన్ ట్రంక్ రోడ్డున బయలుదేరుదురు. బండి ఆపరాదు, ఛాయాచిత్రము తీయరాదు, తినుబండము ఈయరాదు అని నిబంధనలు. 2012 లో జారవా స్త్రీలను తిండి ఆశజూపి ఆడించిన దృశ్యములు పత్రికల కెక్కినవి. ఆ యడవిలోని రోడ్డు భాగములను మూయుడని 2002 లోనే సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. రోడ్డు మూతపడలేదు. దస్త్రములతో పరిచయముగల ఈ సభకు ఇందు ఆశ్చర్యము కలుగదేమో!

ఉత్తర సెంటినల్ దీవివారు మాత్రము అతిథులను కోరలేదు. వారికి కొబ్బరికాయలు కొనిపోవు యాత్రలను సైతము ప్రభుత్వము 1990 దశకములో మానుకొన్నది. నేడు ఆ దీవి దరికి పోవుట నేరము.